రికార్డుల పెట్టెలో ఘంటసాల గారు



ఈ ప్రత్యేక సంచికలో సభ్యులు తమకు నచ్చిన మహనీయుల గురించి తలా ఒక వ్యాసం వ్రాయాలని మన సంఘం వారు కోరారు. ముప్పై ఆరేళ్ళు ఫైళ్ళమీద నోట్లు వ్రాసిన చేయి నాది. వ్యాసరచనలో అనుభవం లేదు. అయినా నా వద్ద ఒక పెట్టెడు గ్రామఫోను రికార్డులు ఉన్నాయని తెలిసిన మిత్రులు కొందరు, నీవు ఘంటసాల గారిని గురించి వ్రాయక ఇంకెవరు వ్రాస్తారని పట్టుబట్టారు. కనుక పూనుకుంటున్నాను. తప్పులుంటే పెద్దమనసుతో మన్నించగలరు.

మా నాయన గారు ఎమ్మిగనూరులో గుంట మగ్గం మీద నేసేవారు. 1938లో మాచాని సోమప్ప గారు స్థాపించిన చేనేత సహకార సంఘం మా ఇంటి వంటి ఎన్నో ఇళ్ళలో పొయ్యి వెలిగించిన సంగతి పాతవారందరికీ తెలిసినదే. మా మేనమామకు మైకుసెట్టు ఉండేది. నీలకంఠేశ్వరస్వామి జాతరకు, పెళ్ళిళ్ళకు ఆయన రేకు పెట్టెలో రికార్డులు సర్దుకొని పోతుంటే, మోయడానికి నేను వెంట పోయేవాడిని. తెల్లవారుజామున మొదటి రికార్డు ఘంటసాల గారిదే ఉండాలన్నది మా మామ నియమం. ఆ గొంతు విన్న తరువాతే పెళ్ళివారింట్లో పొయ్యి అంటించేవారు.

ఇప్పటి పిల్లల కోసం ఆ రికార్డుల సంగతి కొంచెం చెబుతాను. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ నల్లని పళ్ళెంలో ముఖ్యమైన సరుకు లక్క. మన దేశంలోని చెట్లమీద పురుగులు పెట్టే లక్కే ప్రపంచంలోని రికార్డులన్నిటికీ ఆధారంగా ఉండేది. కలకత్తాలో 1908లోనే రికార్డుల ఫ్యాక్టరీ వెలిసింది. ఒక్కొక్క పక్క పట్టేది మూడు నిమిషాల పైచిలుకు పాట మాత్రమే. ఇనుప ముల్లు త్వరగా అరిగిపోయేది గనుక మాటిమాటికీ మార్చాలి. చేయిజారితే పెంకు పగిలినట్లు పగిలేది. అలా నా చేతిలో పగిలిన రికార్డుకు మా మామ కొట్టిన దెబ్బ నాకిప్పటికీ జ్ఞాపకం. ఆ మూడు నిమిషాలలో పద్యమైనా, పాటయినా, రాగం చెడకుండా, మాట నలగకుండా పూర్తిచేయాలి. ఆ విద్యలో ఘంటసాల గారికి సాటి వచ్చినవారు మన భాషలో బహు తక్కువ.

ఘంటసాల వెంకటేశ్వరరావు గారు 1922వ సంవత్సరం డిసెంబరు 4వ తేదీన కృష్ణా జిల్లా గుడివాడ ప్రాంతములోని చౌటపల్లిలో జన్మించారు. తండ్రి సూర్యనారాయణ గారు మృదంగం వాయించేవారు, భజనలు చేసేవారు. నారాయణతీర్థుల తరంగాలు పాడుతూ కొడుకును భుజాన వేసుకొని తిప్పేవారట. ఆ పిల్లవాడు తరంగాలకు నాట్యం చేస్తుంటే ఊరివారు బాలభరతుడని ముద్దుగా పిలిచేవారు. ఆ ముచ్చట ఎంతోకాలం సాగలేదు. కొడుకు పదకొండేళ్ళ వయస్సులో ఉండగా తండ్రి కాలం చేశారు. పోతూ పోతూ, సంగీతం వదలవద్దని, దానిలో గొప్పవాడివి కావాలని కొడుకును కోరారు. తరువాత ఆ కుటుంబం మేనమామ పంచన చేరింది.

చెప్పినంత సులభమా సంగీతం నేర్చుకోవడం? కొందరు విద్వాంసుల ఇళ్ళలో ఉండి బట్టలుతికి, వంట చేసి కూడా ఆయన ఆశించిన విద్య అందలేదు. చివరకు వేలి ఉంగరం అమ్మి, ఆ డబ్బుతో విజయనగరం రైలెక్కారు. తీరా పోతే సంగీత కళాశాలకు సెలవులు. తల దాచుకోను చోటు లేని ఆ పిల్లవానిని చేరదీసినవారు పట్రాయని సీతారామశాస్త్రి గారు. గురువుగారే బీదవారు, విద్య ధారాళంగా ఇచ్చారు గాని, భోజనం పెట్టే స్తోమత లేదు. శిష్యుడు భుజాన జోలె వేసుకొని వీధి వీధి తిరిగి మధుకరం ఎత్తుకొని, ఆ అన్నం తిని చదువుకున్నాడు. ఆనాడు విజయనగరంలో అన్నం పెట్టిన తల్లులకు తాము ఎవరి గొంతును నిలబెడుతున్నారో తెలియదు కదా! గురువుగారి ఋణం ఆయన మరువలేదు. తరువాతి కాలంలో గురుపుత్రులు పట్రాయని సంగీతరావు గారు మద్రాసులో ఆయనకు కుడిభుజంగా ఉండి, చివరివరకు సంగీత సహకారం అందించారు.

ఇక మన ప్రాంతం వారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన ఘట్టం ఒకటున్నది. 1942లో క్విట్ ఇండియా ఉద్యమం వచ్చింది. ఘంటసాల గారు ఊరూరా దేశభక్తి గీతాలు పాడుతూ అందులో దిగారు. ప్రభుత్వం వారు పట్టుకొని, బళ్ళారిలోని అల్లీపురం జైలుకు పంపారు. ఏడాదికి పైగా ఆయన ఆ గోడల మధ్య గడిపారు. ఆనాటికి మన ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలోనిదే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు గదా ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చి, బళ్ళారి అటు పోయింది! అంటే ఇరవై ఏళ్ళ వయస్సులో ఘంటసాల గారు మన జిల్లాలోనే, మన ఎండకే ఎండారన్నమాట. నేను సర్వీసులో ఉండగా పనిమీద బళ్ళారి పోయినప్పుడల్లా ఈ సంగతి తలపుకు వచ్చేది. కోస్తా పిల్లవానికి మన సీమ ఎండలు ఎలా తోచాయో, అక్కడ ఎవరితో పాడుకున్నాడో అనుకునేవాడిని.

విడుదలైన తరువాత 1944లో సావిత్రమ్మ గారితో వివాహం జరిగింది. అత్తవారి ఊరు పెదపులివర్రు. రచయిత సముద్రాల రాఘవాచార్యులు గారిదీ ఆ ఊరే. ఆయన ఈ యువకుని పాట విని, మద్రాసు వస్తే దారి చూపిస్తానన్నారు. అంతే, మద్రాసు ప్రయాణం. అక్కడ పానగల్ పార్కులో పడుకొని రాత్రులు గడిపిన రోజులున్నాయని ఆయన చరిత్ర వ్రాసినవారు చెప్పారు. రేడియోలో బాలాంత్రపు రజనీకాంతరావు గారు అవకాశాలిచ్చారు. హెచ్.ఎం.వి. కంపెనీలో పనిచేస్తుండిన పేకేటి శివరాం గారు పట్టుదలగా ఆయన చేత రికార్డులు ఇప్పించారు. 1945లో వచ్చిన స్వర్గసీమ చిత్రంలో భానుమతి గారితో కలిసి పాడిన పాటకు ముట్టిన పారితోషికం నూట పదహారు రూపాయలు. మధుకరం ఎత్తిన చేతికి అది లక్ష రూపాయలతో సమానం.

అక్కడినుండి వెనుదిరిగి చూడలేదు. 1949లో కీలుగుఱ్ఱం, మనదేశం చిత్రాలకు సంగీతం సమకూర్చారు. రామారావు గారు తెరమీద మొదట కనిపించినది ఆ మనదేశంలోనే. 1950లో షావుకారు, 1951లో పాతాళభైరవి. పాతాళభైరవి ఆడిన రోజులలో రిక్షావానినుండి జడ్జీగారి వరకు అవే పాటలు కూనిరాగం తీసేవారని మా నాయన గారు చెప్పేవారు. 1957లో మాయాబజార్. ఆ చిత్రానికి సాలూరు రాజేశ్వరరావు గారు కొన్ని పాటలకు వరుసలు కట్టి తప్పుకోగా, మిగిలిన పని అంతా ఘంటసాల గారి మీద పడింది. రెండు చేతుల పని అని చెబితే తప్ప ఎవరికీ తెలియనంతగా అతుకు లేకుండా నడిపించారు. 1962లో గుండమ్మకథ, 1963లో లవకుశ. మన ఆఫీసులలో ఒకరు మొదలుపెట్టిన ఫైలును మరొకరు ముగించినప్పుడు ఎన్ని అతుకులు కనబడతాయో మనకు తెలుసు గనుక, మాయాబజార్ పని ఎంత కష్టమో మనం ఊహించుకోగలము.

ఇతరుల సంగీత దర్శకత్వంలో పాడినప్పుడు కూడా ఆయన అంతే వినయంగా పాడేవారు. 1953 నాటి దేవదాసులో తాగుబోతు బాధను పాడారు. 1961లో జగదేకవీరుని కథలో పెండ్యాల గారి దర్శకత్వంలో దర్బారీ రాగాన్ని బండ కరిగేటట్లు పాడారు. హిందూస్థానీ విద్వాంసులు బడే గులాం అలీఖాన్ గారు మద్రాసు వచ్చినప్పుడు ఘంటసాల గారి ఇంట బస చేసేవారు. అంతటి విద్వాంసునికి ఆతిథ్యం ఇస్తూనే ఆయన విద్యను దగ్గర కూర్చొని విన్నారు.

సినిమా పాటలే గాక ప్రైవేటు రికార్డులు ఆయన సొత్తు. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి గారి పుష్పవిలాపం పద్యాలను ఆయన పాడి రికార్డు ఇవ్వకపోతే, ఆ పద్యాలు పుస్తకం కొన్నవారి వద్దనే ఉండిపోయేవి. చదువురాని మా మేనత్త ఆ రికార్డు విని, కొన్నాళ్ళు దేవుని పటానికి పూలు కోయడానికి వెనుకాడింది. పాఠం చెప్పకుండానే పద్యం జనానికి అందడమంటే ఇదే. వేంకటేశ్వరస్వామి మీది పాటల రికార్డులు మోగని కొట్టు, మోగని గుడి ఆ రోజులలో లేవు. తిరుమల తిరుపతి దేవస్థానం వారు ఆయనను ఆస్థాన విద్వాంసునిగా గౌరవించారు.

మనిషి జీవితంలో నష్టాలు కూడా చెప్పాలి. సొంతంగా చిత్రాలు తీశారు. 1953లో పరోపకారం, 1956లో సొంతవూరు. అవి డబ్బు తెచ్చిపెట్టలేదు సరికదా, గొంతుతో సంపాదించినది తీసుకుపోయాయి. మళ్ళీ పాడారు, మళ్ళీ నిలదొక్కుకున్నారు. 1970లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 1971లో యూరపు, అమెరికా దేశాలలో పర్యటించి, ఐక్యరాజ్యసమితిలో సైతం పాడి వచ్చారు. చౌటపల్లి ఎక్కడ, న్యూయార్కు ఎక్కడ!

అప్పటికే చక్కెర వ్యాధి ఉన్నది. 1972లో గుండె నొప్పి వచ్చి ఆసుపత్రిలో చాలా రోజులు ఉండవలసి వచ్చింది. ఆ తరువాతనే ఆయన భగవద్గీత రికార్డు పని తలకెత్తుకున్నారు. శ్లోకం, దాని వెంట తెలుగు తాత్పర్యం, ఒక్కొక్క ఘట్టానికి తగిన రాగం. ఆ రికార్డు ఊరూరా మోగేనాటికి ఆయన లేరు. 1974 ఫిబ్రవరి 11వ తేదీన, మద్రాసులో, యాభై రెండేళ్ళు నిండకుండానే కన్నుమూశారు. నాకప్పుడు ఇరవై నాలుగు ఏళ్ళు, ఎల్.డి.సి.గా చేరి రెండేళ్ళు. రేడియోలో వార్త విన్న సాయంత్రం మా మామ మైకుసెట్టుకు గుడ్డ కప్పి, అరుగుమీద కూర్చొని రాత్రి భోజనానికి లేవలేదు. మరునాడు ఆ రికార్డుల పెట్టె నా చేతికిచ్చి, ఇక నీవే చూసుకోమన్నాడు. నా సేకరణకు అదే పునాది.

ఆనాటినుండి జీతంలో కొంత మిగిలితే రికార్డు కొనడం అలవాటైంది. ఆఫీసు అలవాటు పోక, స్టాకు రిజిష్టరు పెట్టాను. వరుస సంఖ్య, రికార్డు నెంబరు, పాట, కొన్న తేదీ, వెల, రిమార్కులు అని గళ్ళు గీశాను. 1980లలో క్యాసెట్లు వచ్చి రికార్డులను వెనక్కు నెట్టిన తరువాత, ఆదోని పాత సామాను కొట్లలో అవి కిలోల లెక్కన దొరికేవి. నూలు బేళ్ళ సంతకు వచ్చినవారు ఒక దిక్కుకు పోతే నేను ఆ దిక్కుకు పోయేవాడిని. మా ఇంటావిడ సణిగేది గాని, దుమ్ము తుడిచేది ఆవిడే. ఇప్పటికి రిజిష్టరులో 214 పద్దులు ఉన్నాయి.

అందులో 97వ పద్దు భగవద్గీత. దాని ఎదుట రిమార్కుల గడి నలభై ఏళ్ళపాటు ఖాళీగా ఉన్నది. కారణం మీకందరికీ తెలుసు. మన ఊళ్ళలో ఆ రికార్డు ఎక్కడ వినబడినా, ఎవరు పోయారని అడుగుతారు. నేను కొని తెచ్చిన రోజునే మా అమ్మ దానిని ఇంట్లో పెట్టనివ్వనన్నది. అట్టపెట్టె అడుగున దాచాను. అమ్మ పోయిన తరువాత మా ఇంటావిడ కూడా అదే మాట. నేనూ ఎదురు చెప్పలేదు. మనసులో నాకూ ఆ భయమే.

2016లో మా ఇంటావిడ పోయింది. శ్మశానానికి తీసుకుపోయిన బండి మీద అదే గీత మోగింది. పాత టేపు, పగిలిన స్పీకరు. చిన్ననాటినుండి నన్ను నిద్రలేపిన గొంతు ఆ రోజు వినలేకపోయాను. ఆ తరువాత ఆయన పాట ఏదీ పెట్టలేదు. పెట్టెకు తాళం వేశాను. ఒక దశలో పాత సామానువాడిని పిలిచి, అన్నీ తూచి తీసుకుపొమ్మని కూడా చెప్పాను. ఎందుకో వాడు ఆ వారం రాలేదు.

ఆ సెలవులలో మా మనవడు వచ్చాడు. ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం, అప్పటికి చదువుకుంటున్నాడు. వానికి కూడా రికార్డుల పిచ్చి. అయితే వాడు కొనేవి ఇంగ్లీషువారి హెవీ మెటల్ పాటలు, 1980లలో వచ్చినవి. ఐరన్ మెయిడెన్ అని, మెటాలికా అని పేర్లు చెబుతాడు. నేను విన్నాను. పిండిమిల్లులో పెళ్ళి జరిగినట్లు ఉన్నదని చెబితే నవ్వాడు. కాని రికార్డు పట్టుకునే తీరు చూశాను. అంచులు మాత్రమే ముట్టుకుంటాడు. మధ్యనున్న లేబులుకూ పాటకూ నడుమ నున్నని జాగాలో చెక్కిన నెంబరు చూసి, మొదటి ముద్రణ అవునా కాదా అని తేల్చుకుంటాడు. వెల, కొన్న తేదీ వ్రాసి పెట్టుకుంటాడు. అప్పుడు నాకు అర్థమైంది, వీడు నా మనవడే.

వాని దగ్గరున్న 1986 నాటి మెటాలికా రికార్డు గురించి ఒక సంగతి చెప్పాడు. అందులో బాస్ గిటారు వాయించిన క్లిఫ్ బర్టన్ అనే యువకుడు, రికార్డు వచ్చిన కొద్ది నెలలకే స్వీడన్ దేశంలో బస్సు ప్రమాదంలో చనిపోయాడు. వయస్సు ఇరవై నాలుగు. అయితే ఆ రికార్డును చావు రికార్డని ఎవరూ దాచిపెట్టలేదట. మనిషి ఉండగా వాయించినది గదా అని వింటారట.

నా పెట్టె తాళం తీయించినవాడు వాడే. అడుగునుండి గీత తీసి, ఇన్నేళ్ళ రికార్డుమీద ఒక్క గీత కూడా పడలేదేమని అడిగాడు. చెప్పాను. వాడు ఏమీ అనకుండా పెట్టనా అన్నట్లు నా ముఖం చూశాడు. నేను తల ఊపాను.

మిత్రులారా, బండిమీద విన్నది వేరు, ఇంట్లో కూర్చొని విన్నది వేరు. చావు కబురు చెప్పే గొంతు కాదది. ఆసుపత్రినుండి లేచివచ్చిన మనిషి, తనకు మిగిలిన ఊపిరిని లెక్కపెట్టుకొని, ఒక్కొక్క మాటను తూచి, మనకు అందజేస్తున్న గొంతు. యుద్ధం మధ్య నిలబడి చేతులు ఆడని మనిషికి ధైర్యం చెప్పడానికి పుట్టిన గ్రంథమది. విన్న అర్జునుడు బ్రతికి ఉన్నాడు, లేచి తన పని తాను చేసుకున్నాడు. పాడిన ఘంటసాల గారూ బ్రతికి ఉన్నవారి కోసమే పాడారు. ఆ సంగతి తెలుసుకోవడానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది. ఆవిడ ఉండగా ఒక్కసారైనా ఇద్దరం కూర్చొని విని ఉంటే బాగుండేదన్న బాధ మాత్రం తీరదు. ఆ రాత్రి 97వ పద్దు ఎదుట రిమార్కుల గడిలో తేదీ వేసి, విన్నాము అని వ్రాశాను.

ఈ వ్యాసం వ్రాయడంలో నా మనవి రెండే. మొదటిది, మీ అటకలమీద పాత రికార్డులుంటే కిలోల లెక్కన అమ్మకండి. నిలువుగా పేర్చండి, ఒకదానిమీద ఒకటి పడుకోబెట్టకండి. మన ఎండలకు అవి వంగిపోతాయి గనుక, మిద్దె వేడి తగలని చోట ఉంచండి. మెత్తని గుడ్డతో తుడవండి. రెండవది, ఇంట్లో అందరూ ఆరోగ్యంగా ఉన్న ఒక మామూలు ఆదివారం ఉదయం, ఉప్మా తిని, ఆ గీత పెట్టుకొని వినండి. పొరుగువారు కంగారుపడి వస్తే, లోపలికి పిలిచి కాఫీ ఇవ్వండి.

నాకు డెబ్బై ఐదేళ్ళు. రిజిష్టరు, పెట్టె మనవడికి ఛార్జి అప్పగించడానికి ఒప్పుకున్నాను. వాడు తన ఐరన్ మెయిడెన్ పక్కన ఘంటసాల గారికి చోటు ఇస్తానన్నాడు. పిండిమిల్లు పక్కన గుడి ఉండదా ఏమిటి? 215వ పద్దు మాత్రం వాని దస్తూరిలో ఉండాలని నా కోరిక.

సెలవు.